మధ్య వేగంలో మిస్సింగ్: నూరేళ్ళ వెతుకులాట

ఇవాళ చరిత్ర వ్యాసం. ఇందులో రాజులు లేరు, కోటలు లేవు. ఒక చిన్న నిప్పురవ్వ ఉంది. కారు ఇంజిన్‌లో ఆ రవ్వ ఎప్పుడు పుట్టలేదో, ఎందుకు పుట్టలేదో కనిపెట్టడానికి మనుషులు నూరేళ్ళకి పైగా ఏమేం చేశారో రాస్తున్నాను. నేను ఉండేది మిషిగన్‌లో. ఇక్కడ కార్ల కబుర్లు వినకుండా పెరగడం కష్టం. కానీ ఆ కబుర్లు తెలుగులో చెప్పడం ఈమధ్యే మొదలుపెట్టాను. పెద్ద పదాలు నాకు ఇంకా రావు కాబట్టి చిన్న పదాలతోనే చెప్తాను.

ముందు సమస్య ఏమిటి?

ఒక స్పోర్ట్స్ కారు ఉందనుకోండి. కొన్నవాళ్ళు దానికి తర్వాత టర్బో పెట్టించారు. తాళం తిప్పితే వెంటనే స్టార్ట్ అవుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ మెత్తగా తిరుగుతుంది. 6,000 ఆర్‌పీఎం దాటాక కూడా బాగానే లాగుతుంది. కానీ 3,500 నుంచి 4,500 మధ్యలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మాత్రం కుదుపులు. ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగి వదిలినట్టు ఉంటుంది.

దీన్ని మిస్‌ఫైర్ అంటారు. మన వైపు మెకానిక్‌లు "మిస్సింగ్" అంటారు. "బండి మిస్సింగ్ కొడుతోంది" అనే మాట మా బాబాయ్ దగ్గర నేర్చుకున్నాను. ఇంజిన్‌లో ప్రతి సిలిండర్‌కి ఒక వంతు ఉంటుంది. తన వంతు వచ్చినప్పుడు పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని మండించాలి. వంతు తప్పితే అదే మిస్సింగ్.

ఒక చిన్న లెక్క చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 4,000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే, ఒక్కో సిలిండర్ నిమిషానికి 2,000 సార్లు మండాలి. అంటే సెకనుకి 33 సార్లు. నాలుగూ కలిపితే సెకనుకి 133 మంటలు. అందులో రెండు మూడు తప్పినా కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది. కానీ ఏ సిలిండర్ తప్పింది, ఎందుకు తప్పింది అనేది చెవికి అందదు. ఈ చరిత్ర అంతా ఆ రెండు ప్రశ్నల చరిత్రే.

1889: కారుతో సంబంధం లేని ఒక సూత్రం

కథ జర్మనీలో మొదలవుతుంది. 1889లో ఫ్రీడ్రిక్ పాషెన్ అనే భౌతిక శాస్త్రవేత్త రెండు లోహపు ముక్కల మధ్య రవ్వ దూకాలంటే ఎన్ని వోల్టులు కావాలో కొలిచాడు. అది రెండు విషయాల మీద ఆధారపడుతుందని తేలింది. ఒకటి ఆ ముక్కల మధ్య దూరం. రెండోది అక్కడున్న గాలి ఒత్తిడి. కారు ఇంజిన్ ఉండే పరిధిలో ఈ రెండిట్లో ఏది పెరిగినా రవ్వ దూకడం కష్టమవుతుంది.

స్పార్క్ ప్లగ్ కొనలో ఉండే సందుని మెకానిక్‌లు గ్యాప్ అంటారు. దూరం అంటే అదే. ఒత్తిడి అంటే సిలిండర్‌లో అదిమి పెట్టిన గాలి. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు సిలిండర్‌లోకి గాలి తక్కువగా వస్తుంది కాబట్టి 10,000 వోల్టుల లోపే సరిపోవచ్చు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే సిలిండర్ నిండుతుంది, అప్పుడు 20,000 వోల్టులు దాటవచ్చు.

సిలిండర్ అన్నిటికంటే బాగా నిండేది ఎప్పుడు? చాలామంది అత్యధిక వేగంలో అనుకుంటారు. కానీ మరీ వేగంగా తిరిగేటప్పుడు గాలి లోపలికి రావడానికి టైము చాలదు. అన్నిటికంటే బాగా నిండేది టార్క్ ఎక్కువగా వచ్చే వేగంలో. చాలా ఇంజిన్లలో అది మధ్యలో ఎక్కడో ఉంటుంది. అందుకే బలహీనమైన రవ్వ నిదానంగా ఉన్నప్పుడు పట్టుబడదు, పై వేగంలో కూడా తప్పించుకోవచ్చు, మధ్యలో నిండు లోడు మీద పట్టుబడుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఈ వ్యాసంలో మిగతాదంతా తేలికే.

వేలితో నొక్కి చూసే రోజులు

1908లో డెట్రాయిట్‌లోని పికెట్ ఎవెన్యూ ఫ్యాక్టరీలో ఫోర్డ్ మోడల్ టి తయారవడం మొదలైంది. 1927 వరకు కోటిన్నర కార్లు తయారయ్యాయి. అందులో నాలుగు సిలిండర్లకి నాలుగు కాయిల్స్ ఉండేవి. ఒక్కో కాయిల్ ఒక చెక్క పెట్టెలో ఉండేది. పైన చిన్న లోహపు రేకు తేనెటీగలా ఝుమ్మని అదురుతూ ఉండేది. అది అదిరినంతసేపూ ప్లగ్ దగ్గర రవ్వలు వచ్చేవి.

ఇంజిన్ మిస్సవుతుంటే అప్పటి డ్రైవర్ ఏం చేసేవాడో తెలుసా? కాయిల్స్ ఉన్న పెట్టె మూత తీసి, ఒక్కో రేకుని వేలితో నొక్కి పట్టుకునేవాడు. నొక్కితే ఆ సిలిండర్ ఆగిపోతుంది. ఇంజిన్ శబ్దం మారి నీరసపడితే ఆ సిలిండర్ అంతవరకు పనిచేస్తోందన్నమాట. నొక్కినా ఏమీ మారకపోతే దొంగ దొరికినట్టే. తర్వాత ఆ కాయిల్ తీసి పక్క సిలిండర్ చోట పెట్టేవాడు. జబ్బు కాయిల్‌తో పాటు పక్కకి వెళ్తే తప్పు కాయిల్‌ది. జబ్బు పాత చోటే ఉంటే ప్లగ్‌నో తీగనో చూడాలి.

ఇంత మంచి పద్ధతికి పరికరమే అక్కర్లేదు. ఒక్క వస్తువు జరుపు, జబ్బు జరిగిందో లేదో చూడు. అంతే. ఈ మాట మళ్ళీ వస్తుంది.

ఒకే కాయిల్, ఒకే సాక్షి

ఇంకో దారి కూడా అప్పటికే మొదలైంది. ఒహాయోలోని డేటన్ ఊళ్ళో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీతో పనిచేసే ఇగ్నిషన్ తయారుచేశాడు. అది 1910 మోడల్ క్యాడిలాక్ కార్లలో వచ్చింది. ఇందులో అందరికీ కలిపి ఒకే కాయిల్. పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా కాయిల్ నుంచి ఒక పెద్ద రవ్వ వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ దాన్ని వంతు ప్రకారం సిలిండర్లకి పంచుతుంది. పెళ్ళి పంక్తిలో ఒకే మనిషి వరసగా వడ్డించుకుంటూ వెళ్ళినట్టు. ఆ తర్వాత అరవై ఏళ్ళకి పైగా ప్రపంచంలో ఎక్కువ కార్లు ఇలాగే నడిచాయి. మన అంబాసిడర్ కూడా.

దీనితో మిస్సింగ్‌కి కొత్త కారణాలు వచ్చాయి. వేగం పెరిగేకొద్దీ కాయిల్ నిండటానికి టైము తగ్గుతుంది. పాయింట్లు కాలి గరుకవుతాయి. డిస్ట్రిబ్యూటర్ మూతలో సన్నని పగులు వస్తే రవ్వ అందులోంచి జారిపోతుంది. కరెంటు ఎప్పుడూ తేలిక దారి వెతుక్కుంటుంది కదా. సిలిండర్ లోపల ఒత్తిడి పెరిగి సందు దాటడం కష్టమైతే, రవ్వ బయట తీగ పగులులోంచో, ప్లగ్ పింగాణీ మీదుగానో ఇనుముకి దూకేస్తుంది. అందుకే పాతకాలం మెకానిక్‌లు రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి చూసేవాళ్ళు. లీకు ఉన్నచోట నీలంగా మెరుస్తుంది.

ఇదే సూత్రం రెండో ప్రపంచ యుద్ధంలో తలకిందులుగా కనిపించింది. బాగా ఎత్తులో ఎగిరే విమానాల దగ్గర గాలి పలచగా ఉంటుంది. ఒత్తిడి తక్కువ కాబట్టి రవ్వ ప్లగ్ దాకా వెళ్ళకుండా మాగ్నెటో లోపలే అడ్డంగా దూకేసేది. అందుకని కొన్ని విమానాల్లో మాగ్నెటోలోకి ఒత్తిడితో గాలి నింపేవారు. పాషెన్ కొలతలకి అప్పటికి యాభై ఏళ్ళు దాటాయి.

రవ్వని కళ్ళతో చూడటం

యుద్ధం తర్వాత ఆసిలోస్కోప్ గ్యారేజీల్లోకి వచ్చింది. టీవీ లాంటి చిన్న తెర. దాని మీద ఒక్కో సిలిండర్‌కి ఒక్కో నిలువు గీత. గీత ఎత్తు అంటే ఆ ప్లగ్ రవ్వ దూకించడానికి అడిగిన వోల్టులు. షికాగోకి చెందిన సన్ ఎలక్ట్రిక్ లాంటి కంపెనీల పెద్ద పెద్ద టెస్టర్లు 1950లు, 60లలో అమెరికా గ్యారేజీల్లో కనిపించేవి.

చదివే పద్ధతి ఇది. ఒక గీత మిగతావాటికంటే బాగా ఎత్తుగా ఉంటే ఆ ప్లగ్ గ్యాప్ ఎక్కువైంది, లేదా తీగ తెగింది, లేదా మిశ్రమంలో పెట్రోలు తక్కువైంది. బాగా పొట్టిగా ఉంటే ప్లగ్ మసిపట్టింది, లేదా రవ్వ ఎక్కడో లీకవుతోంది. అన్నీ సమానంగా ఉంటే అప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి వదిలేవాళ్ళు. ఆ క్షణం సిలిండర్లు నిండుతాయి, గీతలన్నీ పైకి లేస్తాయి. ఏది ఎక్కువ లేచిందో దాన్ని అనుమానించాలి. జబ్బు దాక్కున్న చోటికి ఇంజిన్‌ని తీసుకెళ్ళి అక్కడ చూడాలనే తెలివి ఇందులో ఉంది.

ఈ భాగం రాసేటప్పుడు బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నారు, అంబాసిడర్ కార్లతో మొదలుపెట్టారు. ఆసిలోస్కోప్ గురించి నేను ఏదో చెప్పబోయాను. నా తెలుగు కూడా మధ్యలోనే మిస్సింగ్ కొడుతుంది కదా, కాసేపు విని ఆయనే అడిగారు.

"అది సరేనమ్మా, లోడు మీద మిస్సవుతోందా, నిలబెట్టి రైజ్ చేసినా మిస్సవుతోందా?"

"లోడు మీదే బాబాయ్."

"అయితే ముందు ప్లగ్గుకి కరెంటు చూడు. పెట్రోలు సంగతి తర్వాత."

పాషెన్ పేరు ఆయనకి తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా రాలేదు.

పొగమంచు, చట్టం, వెలిగే దీపం

ఇక్కడి నుంచి కథ కాలిఫోర్నియాకి వెళ్తుంది. అక్కడ మిస్‌ఫైర్ ఒక ఊరి సమస్య అయింది. లాస్ ఏంజిలిస్ మీద కమ్ముకునే కళ్ళు మండించే పొగకి కారణం ఏమిటో 1950లలో ఆరీ హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త చూపించాడు. కార్లలోంచి, ఇతర చోట్ల నుంచి వచ్చే మండని ఇంధనపు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఆ పొగ తయారవుతోంది. తర్వాత ఆయనే కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకి మొదటి ఛైర్మన్ అయ్యాడు.

మిస్‌ఫైర్ అంటే మండని పెట్రోలు సైలెన్సర్ గొట్టంలోకి పోవడమే. 1975 మోడల్ నుంచి అమెరికాలో ఎక్కువ కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. మండని పెట్రోలు వెళ్ళి ఆ కన్వర్టర్‌లో మండితే అది విపరీతంగా వేడెక్కి లోపల కరిగిపోవచ్చు. అందుకని కాలిఫోర్నియా బోర్డు 1989లో కొత్త నియమాలు ఆమోదించింది. వాటి పేరు ఓబీడీ-2. 1994 నుంచి మెల్లగా వచ్చి, 1996 మోడల్ నాటికి అమెరికాలో అమ్మే అన్ని కొత్త కార్లకి తప్పనిసరి అయ్యాయి. వాటి ప్రకారం కారు తన మిస్‌ఫైర్‌ని తనే లెక్కపెట్టుకోవాలి.

ఎలా లెక్కపెడుతుంది? సిలిండర్ మండినప్పుడల్లా క్రాంక్‌షాఫ్ట్‌కి ఒక చిన్న తోపు వస్తుంది. మండకపోతే ఆ తోపు రాదు, క్రాంక్‌షాఫ్ట్ ఒక్క రవ్వంత నెమ్మదిస్తుంది. కంప్యూటర్ ఆ తేడాని కొలుస్తుంది. ఎవరి వంతులో నెమ్మదించిందో చూసి పేరు పెడుతుంది. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 అంటే రెండోది. పి0300 అంటే ఒకచోట అని కాకుండా అక్కడక్కడా తప్పుతోంది. కన్వర్టర్ పాడయ్యేంత మిస్‌ఫైర్ ఉంటే ఇంజిన్ దీపం మిణుకుమిణుకుమంటుంది. ఆ దీపం మిణుకుమంటే వెంటనే కాలు తీసెయ్యాలి, మర్నాడు చూద్దాం అనుకోకూడదు.

కోడ్‌తో పాటు ఆ క్షణంలో వేగం ఎంత, లోడు ఎంత అనేది కూడా కంప్యూటర్ దాచిపెడుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. చూశారా, బాబాయ్ అడిగిన ప్రశ్నే అది. చాలామంది కోడ్ చదివి అక్కడితో ఆగిపోతారు. ఏ సిలిండరో తెలిసింది కదా అని కాయిల్, ప్లగ్, ఇంజెక్టర్ అన్నీ కొని మార్చేస్తారు. కోడ్ "ఎక్కడ" అని చెప్తుంది. "ఎందుకు" అనేది ఫ్రీజ్ ఫ్రేమ్‌లోనూ, ఒక్కొక్కటి జరిపి చూడటంలోనూ దొరుకుతుంది.

ఒక మియాటా, ఒక టర్బో

ఇప్పుడు మన స్పోర్ట్స్ కారు దగ్గరికి వద్దాం. మాజ్డా మియాటాని తీసుకుందాం, ఎందుకంటే ఎక్కువమంది మార్పులు చేసే కార్లలో అది ఒకటి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో దాన్ని మొదటిసారి చూపించారు. 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్. టార్క్ ఎక్కువగా వచ్చేది 5,500 ఆర్‌పీఎం దగ్గర. డిస్ట్రిబ్యూటర్ లేదు. రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి 1, 4 సిలిండర్లకి, ఇంకొకటి 2, 3కి. ఫ్యాక్టరీ ఇచ్చిన ప్లగ్ గ్యాప్ 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు. ఫ్యాక్టరీ ఇచ్చిన ఇంజిన్‌కి అది చక్కగా సరిపోతుంది.

దీనికి ఒక చిన్న టర్బో తగిలిస్తే రెండు మార్పులు జరుగుతాయి. సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. టార్క్ ఎక్కువగా వచ్చే చోటు 5,500 నుంచి కిందకి, 4,000 దగ్గరికి దిగుతుంది. అంటే రవ్వకి అన్నిటికంటే కష్టమైన చోటు ఇప్పుడు సరిగ్గా మధ్య వేగంలో ఉంది. కాయిల్ మాత్రం పాతదే. మొదట్లో చెప్పిన కుదుపులు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు అర్థమవుతుంది.

1990 మోడల్ కాబట్టి ఓబీడీ-2 లేదు, లెక్కపెట్టే కంప్యూటర్ లేదు. పాత పద్ధతులే గతి. వరస ఇలా ఉంటుంది.

మొదట, అదే 4,000 ఆర్‌పీఎంలో సగం యాక్సిలరేటర్‌తో చూడాలి. కుదుపులు పోతే వేగం వల్ల కాదు, ఒత్తిడి వల్లే అని తెలుస్తుంది. ఇది రోడ్డు మీద చేసే పని కాదు. డైనమోమీటర్ మీదో, రేస్ ట్రాక్ మీదో చెయ్యాలి.

రెండోది, పైకి వెళ్ళేకొద్దీ ఏమవుతోందో చూడాలి. రవ్వ బలహీనమైతే టార్క్ దగ్గర ఎక్కువగా తప్పి, ఆ తర్వాత తగ్గవచ్చు. పెట్రోలు పంపు చాలకపోతే కథ వేరు. పెట్రోలు అవసరం పవర్‌తో పాటు పెరుగుతూ పోతుంది కాబట్టి 5,500 దగ్గర మొదలై 7,000కి ఇంకా ఎక్కువవుతుంది. అంటే రవ్వ టార్క్ దగ్గర ఓడిపోతుంది, పంపు పవర్ దగ్గర ఓడిపోతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది.

మూడోది ఒక ఉచ్చు. ఉచ్చు అంటే జంతువుని పట్టడానికి పెట్టే ఉరి. మార్పులు చేసిన కార్లలో ఆక్సిజన్ మీటరు ఉంటుంది. సిలిండర్ మండకపోతే అందులోని ఆక్సిజన్ వాడుకోకుండానే బయటికి వస్తుంది. మీటరు ఆ ఆక్సిజన్‌నే చూస్తుంది, మండని పెట్రోలుని సరిగ్గా చూడలేదు. అందుకని "పెట్రోలు తక్కువైంది" అని చూపిస్తుంది. అది నమ్మి పెట్రోలు పెంచితే ప్లగ్‌లు తడిసి జబ్బు ముదురుతుంది.

నాలుగోది, గ్యాప్ తగ్గించి చూడటం. 1.1 నుంచి 0.8 మిల్లీమీటర్లకి తగ్గిస్తే రవ్వకి పని తేలికవుతుంది. దానితో కుదుపులు పోతే కారణం దొరికింది, తాత్కాలికంగా మందూ దొరికింది. పోకపోతే 1, 4 రెండూ తప్పుతున్నాయా, ఒక్కటేనా అని చూడాలి. రెండూ అయితే కాయిల్‌ని, ఒక్కటే అయితే తీగనో ప్లగ్‌నో అనుమానించాలి. ఆ వస్తువుని పక్కకి మార్చి, జబ్బు కూడా మారిందా అని చూడాలి. మోడల్ టి డ్రైవర్ చేసిన పనే ఇది. ఇంజిన్ నడుస్తుండగా తీగ లాగి చూడటం మాత్రం వద్దు. వేల వోల్టులు చేతిలోకి వస్తాయి.

నోరు మూయించడం

1996 తర్వాతి కార్లలో ఇంకో చిక్కు. తేలికపాటి ఫ్లైవీల్ పెట్టినా, క్యామ్‌షాఫ్ట్ మార్చినా క్రాంక్‌షాఫ్ట్ తిరిగే తీరు మారుతుంది. కంప్యూటర్ లేని మిస్‌ఫైర్‌ని కూడా లెక్కపెట్టవచ్చు. గతుకుల రోడ్డు కూడా దాన్ని మోసం చెయ్యగలదు. అందుకని కొంతమంది ట్యూనింగ్‌లో మిస్‌ఫైర్ లెక్కనే ఆపేయిస్తారు. దీపం వెలగదు, మనసు ప్రశాంతం.

నాకు ఇది నచ్చదు. ఉద్గారాల పరికరాలని పనిచెయ్యకుండా చెయ్యడం అమెరికాలో చట్టవిరుద్ధం, అది ఒక కారణం. ఇంకో కారణం ఉంది. వేలితో రేకు నొక్కిన డ్రైవరు, చీకట్లో బానెట్ ఎత్తిన మెకానిక్, తెర మీద గీతలు చదివినవాళ్ళు, అందరూ వెతికింది ఒక్క సాక్షి కోసమే. ఏ సిలిండర్ వంతు తప్పిందో చెప్పే సాక్షి. అది ఇప్పుడు ప్రతి కారులో ఊరికే వస్తోంది. అప్పుడప్పుడు అబద్ధం చెప్తుంది కాబట్టి దాని మాటని సరిచూసుకోవాలి, నోరు మూయించకూడదు. నిజంగా మిస్సయిన రోజున కన్వర్టర్ కరిగేదాకా మనకి చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇప్పుడు కొత్త కార్లలో ప్రతి సిలిండర్ నెత్తి మీద ఒక కాయిల్ ఉంటుంది. ఒక్కో సిలిండర్‌కి ఒక్కోటి, 1908లో లాగే. పి0302 వస్తే రెండో కాయిల్ తీసి మూడో చోట పెట్టి, పి0303గా మారుతుందేమో చూస్తాం. చెక్క పెట్టెలు పోయాయి, పద్ధతి ఉంది.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు బండి పాడైతే ఏ మాటలు వాడతారో అడిగి కింద రాయండి. "మిస్సింగ్", "పికప్ లేదు", "కరెంటు రావట్లేదు" నా దగ్గర ఉన్నాయి. డర్బన్‌లోనో, కౌలాలంపూర్‌లోనో వేరే మాటలు ఉండే ఉంటాయి. వచ్చే వ్యాసంలో వాటిని వాడతాను.